అసెంబ్లీ ప్రశ్నోత్తరాల వల్ల మా వార్డుకి ఏమైనా ఒరుగుతుందా?

ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: "అసెంబ్లీ జరిగే రోజుల్లో టీవీ పెడితే అరుపులే కనిపిస్తున్నాయి. అసలు రోజూ అక్కడ ఏ పని ఏ వరసలో జరుగుతుంది? ఆ ప్రశ్నోత్తరాల వల్ల మా వార్డులో ఒక కాలువైనా బాగుపడుతుందా?"

బాగుపడుతుంది. నేను కళ్లారా చూశాను. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అసెంబ్లీ అంటే అందరికీ స్పీకర్ కుర్చీ, మైకులు, పోడియం గుర్తొస్తాయి. నాకు మాత్రం మా ఆఫీసు తపాలు బల్ల గుర్తొస్తుంది.

వరస సంగతి ముందు చెప్పేస్తాను. సభ ఎన్నాళ్లు నడవాలి, ఏ రోజు ఏ అంశం అనేది స్పీకర్ అధ్యక్షతన బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా కమిటీ, కూర్చుని తేలుస్తుంది. పొద్దున్నే ఒక గంట ప్రశ్నోత్తరాలు, తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు క్లుప్తంగా లేవనెత్తే సమయం. ఆ పైన మంత్రులు కాగితాలు సభ ముందుంచడం, 74వ నిబంధన కింద సావధాన తీర్మానాలు (ఒక అత్యవసర విషయం మీదికి మంత్రి దృష్టి మళ్లించేవి), బిల్లులు. బడ్జెట్ రోజులైతే పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ అడిగే డబ్బు మీద, చర్చ. పెద్ద విషయమైతే 344వ నిబంధన కింద స్వల్పకాలిక చర్చ. బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనడంతోనే, గట్టెక్కుతాయి. చర్చకు రాకుండా మిగిలిపోయిన పద్దులన్నీ ఆఖరి రోజున కలిపి ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. 175 మంది ఉన్న మన సభకు కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, 18 మంది.

వీటన్నిటిలో జనానికి నిజంగా పనికొచ్చేది ఆ మొదటి గంటే. ఈ మాట ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం.

ఎందుకో చెబుతాను. ఎమ్మెల్యే నక్షత్రం గుర్తుతో, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన, ఒక ప్రశ్న వేశారనుకోండి. స్పీకర్ దాన్ని అనుమతించాక అది సచివాలయంలో శాఖకు, అక్కడి నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకు, చివరికి మా బల్ల మీదికి దిగుతుంది. ఆఫీసుల్లో దీన్ని ఎల్‌ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటాం. కలెక్టరాఫీసు నుంచి వచ్చే రిమైండర్లు వారాల తరబడి ఫైల్లో పడి ఉన్నా ఎవరికీ చీమ కుట్టదు. ఎల్‌ఏక్యూ వచ్చిందంటే మాత్రం ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి వెళ్లరు. మంత్రి నిలబడి చెప్పే మాటకు కింద సంతకం మనది. తప్పు చెప్పిస్తే, సభను తప్పుదోవ పట్టించారంటూ ఇచ్చే సభా హక్కుల నోటీసు దాకా పోతుంది, ఆ తర్వాత మన ఉద్యోగం మీదికి వస్తుంది. రాష్ట్రంలో ఏ ఆఫీసులో అడిగినా ఇదే చెబుతారు.

అప్పట్లో అసెంబ్లీ హైదరాబాద్‌లో ఉండేది. విశాఖలోని కంచరపాలెం వైపు ఒక గెడ్డకు, అంటే వాన నీళ్లు పారే వాగుకు, రక్షణ గోడ కట్టాలని ఎప్పుడో మంజూరైంది. గట్టి వాన పడితే ఆ గెడ్డ పొంగి పక్క వీధుల్లో మోకాలి లోతు నీళ్లు వచ్చేవి. మా ఆఫీసు నుంచి పైకి వెళ్లిన ప్రతి నివేదికలోనూ "పని పురోగతిలో ఉన్నది" అనే రాస్తూ వచ్చారు. అక్కడ చూస్తే రాయి మీద రాయి పెట్టలేదు. ఆ స్థితిలో ఒక మధ్యాహ్నం ఎల్‌ఏక్యూ వచ్చింది. అందులో భాష మీకు తెలియాలి: "గౌరవ మంత్రిగారు ఈ క్రింది విషయములు దయతో తెలియజేయుదురా: (అ) ఫలానా గెడ్డకు రక్షణ గోడ నిర్మాణం మంజూరైన మాట వాస్తవమేనా, (ఆ) అయినచో, పని ఏ దశలో ఉన్నది, (ఇ) జాప్యమునకు కారణములేమి?"

(అ)కు జవాబు తేలిక, "అవునండి". (ఆ) దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. పాత నివేదికలో మాటే మళ్లీ దించేద్దామని ఒకాయన అన్నారు. మా ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. "అడిగినాయన ఆ వీధిలో తిరిగే మనిషి, రేపు సభలో ఫొటో చూపిస్తే మంత్రిగారి మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అని జీపు తీయించారు. చీకటి పడ్డాక గెడ్డ గట్టున టార్చి వేసుకుని నిలబడ్డాం. వర్క్ ఇన్‌స్పెక్టరు టేపు ఒక కొస పట్టుకుని పిచ్చి మొక్కల్లోకి దిగాడు, ఇంజనీరు గారు రెండో కొస పట్టుకుని కొలతలు చెబుతుంటే నేను రాసుకున్నాను. గట్టు మీది ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చి, "ఎవరు బాబూ, గోడ కట్టేవాళ్లా?" అని అడిగారు. అన్నేళ్లలో మా ఆఫీసు నుంచి మనుషులు అక్కడికి వెళ్లడం అదే మొదటిసారని ఆ మాటతోనే తెలిసింది.

ఆ రాత్రే అసలు సంగతి జవాబులో రాశాం: పని మొదలు కాలేదు, ఫలానా కారణం వల్ల టెండరు ఖరారు కాలేదు. తర్వాత అనుబంధ ప్రశ్నల నోటు తయారైంది. ఎల్‌ఏక్యూలో కష్టమంతా ఇక్కడే. రాసిచ్చిన ప్రశ్నకు జవాబు ఎవరైనా రాస్తారు. దాని మీద సభ్యులు లేచి ఏమేం అడగవచ్చో ముందే ఊహించి, ప్రతిదానికీ జవాబు మంత్రి చేతిలో పెట్టాలి. ఎన్ని ఇళ్లకు ముంపు ఉంది, గోడ పొడవెంత, అంచనా విలువెంత, పై భాగం కడితే కింది భాగం సంగతేమిటి, ఎప్పటికి పూర్తవుతుంది. ఆఖరి ప్రశ్నకు ఆ రోజు వరకు మా దగ్గర జవాబే లేదు. ప్రశ్న వచ్చింది కాబట్టి తారీఖు తేల్చుకోక తప్పలేదు. ఇన్నాళ్లూ కదలని టెండరు కాగితాలు మర్నాడే కదిలాయి. సభలో ఇంకా ఎవరూ నోరైనా విప్పకముందు జరిగిన పని ఇది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆ ఫైలు పట్టుకుని బయల్దేరాం. పొద్దున్నే నాంపల్లి స్టేషన్‌లో దిగితే అసెంబ్లీ నడిచి వెళ్లే దూరమే. అధికారుల గ్యాలరీలో ఇంజనీరు గారి వెనక నాకూ చోటు దొరికింది. మంత్రికి ఏదైనా అంకె కావాలంటే చీటీ మీద రాసి పంపడానికి సిద్ధంగా కూర్చున్నాం.

సభ మొదలైంది. ప్రతిపక్షం వాయిదా తీర్మానం, అంటే మిగతా పని ఆపి ఒక విషయం చర్చించాలనే నోటీసు, ఇచ్చింది, ముందు దాని మీదే చర్చ జరగాలని పట్టుబట్టింది. ప్రశ్నోత్తరాలయ్యాక చూద్దామని స్పీకర్ అన్నారు. నినాదాలు, పోడియం ముందుకు రావడం, అధికార పక్షం నుంచి ఎదురు నినాదాలు, సభ వాయిదా. మళ్లీ కూర్చునేసరికి గంట అయిపోయింది. మిగిలిన ప్రశ్నల జవాబులు సభ ముందుంచినట్టు భావించడమైనదని ప్రకటించారు. మా గెడ్డ ఆ మిగిలిన వాటిలో ఉంది.

నష్టమేముంది, రాతపూర్వకంగా జవాబు వచ్చిందిగా అంటారేమో. ఉంది. పై భాగం గోడ ఆ ఏడాదే కట్టారు, అది ప్రశ్న పుణ్యమే. కింది భాగం గురించి రాత జవాబులో "పరిశీలనలో ఉన్నది" అని మాత్రమే ఉంది. ఆ సభ్యుడు లేచి ఒక్క అనుబంధ ప్రశ్న వేసి ఉంటే, మంత్రి మా నోటు చూసి "ఫలానా నెలకల్లా చేయిస్తాం" అనేవారు. అలా సభలో అన్న మాట హామీ అవుతుంది. దాన్ని పట్టుకుని అడగడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, అమలు ఎంతవరకు వచ్చిందని శాఖకు మళ్లీ మళ్లీ రాస్తుంది. నోటి మాట పోయింది, తారీఖు పోయింది, అడిగే వాళ్లూ లేకపోయారు. కింది వీధుల వాళ్లు ఇంకా చాలా వానాకాలాలు ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఎత్తిపోసుకున్నారు. అందుకే ఏ పార్టీ వాళ్లు ప్రశ్నోత్తరాల గంటను పాడుచేసినా నాకు ఒళ్లు మండుతుంది. పార్టీలు అటూ ఇటూ మారినప్పుడల్లా అదే పని రెండో వాళ్లు చేస్తారు. మర్నాడు పేపర్లో "దద్దరిల్లిన సభ" అని పెద్దక్షరాలు. ఎన్ని ప్రశ్నలు మిగిలిపోయాయో, అవి ఏ ఊళ్లవో ఒక్క పేపరూ రాయదు.

సభ జరిగే రోజులే తక్కువ. రాజ్యాంగం 174వ అధికరణం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదని మాత్రమే చెబుతుంది, ఎన్ని రోజులు కూర్చోవాలో చెప్పదు. ఆ సందులోంచి అన్ని ప్రభుత్వాలూ దూరుతున్నాయి. 2021 మే 20న గవర్నర్ ప్రసంగం, బడ్జెట్, దాని ఆమోదం అన్నీ ఒక్క రోజులో ముగించారు. కోవిడ్ రోజులే, కాదనను. మా స్టీల్ ప్లాంటును ప్రైవేటుపరం చేయవద్దని తీర్మానం చేసిందీ ఆ రోజే. గాజువాక వైపు చాలామంది అసెంబ్లీ తీర్మానం చేసింది కాబట్టి ఇక ఆగిపోతుందనుకున్నారు. ప్లాంటు కేంద్రానిది. రాష్ట్ర సభ తీర్మానం మన మాట గట్టిగా వినిపిస్తుంది, అంతకుమించి కేంద్రాన్ని కట్టిపడేయలేదు. ఈ తేడా అప్పుడే ఎవరైనా విడమరిచి చెప్పి ఉండాల్సింది.

నిబంధనలంటే వకీళ్ల గొడవ అనుకునే వాళ్లకు 2020 జనవరి గుర్తుచేస్తాను. విశాఖను కార్యనిర్వాహక రాజధాని చేసే బిల్లు అసెంబ్లీలో గెలిచి కౌన్సిల్‌కు, అంటే శాసన మండలికి, వెళ్లింది. అక్కడ ప్రతిపక్షం, ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం పెట్టే రూల్ 71 కింద నోటీసు ఇచ్చింది, చివరికి చైర్మన్ తన విచక్షణాధికారంతో బిల్లును వివరంగా పరిశీలించే సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. మా ఊళ్లో రాజధాని వస్తుందా రాదా అని పందేలు కాసిన వాళ్లలో ఒక్కరికీ ఆ రూల్ పేరు అంతకుముందు తెలియదు. కౌన్సిల్ బిల్లును శాశ్వతంగా ఆపలేదు, మొదట మూడు నెలలు, అసెంబ్లీ రెండోసారి ఆమోదిస్తే మరో నెల. ఆ ప్రకారమే జూన్‌లో మళ్లీ పెట్టి, జూలై ఆఖరుకు గవర్నర్ ఆమోదం తెచ్చుకున్నారు. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది మీ ఇష్టం. కానీ అన్ని నెలలు మా ఊరి భవిష్యత్తు ఒక రూల్ పుస్తకంలో పేజీల మధ్య తిరిగింది.

ఇక మీ కాలువ సంగతి. ఎమ్మెల్యే గారికి శాలువా కప్పి, వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి వచ్చేయకండి. ఆ కాగితం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. దానికి బదులు ప్రశ్నే రాసివ్వండి. పని పేరు, మంజూరు ఉత్తర్వు నంబరు, తేదీ, సర్వే నంబరు పెట్టి (అ), (ఆ), (ఇ) అని విడదీసి రాయండి. ఆరోపణలు, అభిప్రాయాలు, తిట్లు ఉంటే అనుమతి రాదు. కోర్టులో నడుస్తున్న విషయమైనా రాదు. సింహాచలం దేవస్థానం భూముల వివాదంలో ఉన్న మా పంచగ్రామాల వాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. మీ ఎమ్మెల్యే పట్టించుకోకపోతే వేరే ఎమ్మెల్యేని అడగండి, ఎమ్మెల్సీ ద్వారా కౌన్సిల్‌లో వేయించండి. ఏ సభ్యుడైనా రాష్ట్రంలో ఏ ఊరి గురించైనా అడగవచ్చు. సమావేశాల తేదీలు పేపర్లో వచ్చాక పరిగెడితే లాభం లేదు, నోటీసుకు ముందస్తు గడువు ఉంటుంది. ఇప్పుడే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మంత్రి జవాబు మీద వేయాల్సిన అనుబంధ ప్రశ్న కూడా ఒకటి కింద రాసి పెట్టండి: "ఏ నెలకు పూర్తి చేస్తారు?"