84 లక్షలా, 87 లక్షలా?

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో భూమ్మీద ఎన్ని జాతులున్నాయో ఒక్క అంకె వేయాలి, ఏది వేయమంటారని అడిగావు. అంకె చెప్పడం తేలికే. 87 లక్షలు, 13 లక్షలు అటూ ఇటూగా. 2011లో కమిలో మోరా అనే జీవశాస్త్రవేత్త బృందం వేసిన లెక్క అది. కానీ పక్కన "బ్యాక్టీరియా కాకుండా" అని రాయకపోతే, దిద్దేది నేనైతే మార్కులు కోసేస్తాను.

ఆ అంకె వేయగానే ఎవరో ఒకరు "మన పెద్దలు 84 లక్షల జీవరాశులని ఎప్పుడో చెప్పారు కదా!" అంటారు. వాట్సాప్‌లో నాకూ వస్తూనే ఉంటుంది. పద్మపురాణంలోదని చెప్పే ఆ శ్లోకాన్ని విడదీసి చూడు: నీటిలో పుట్టేవి 9 లక్షలు, స్థావరాలు (కదలని చెట్టూచేమా) 20, క్రిములు 11, పక్షులు 10, పశువులు 30, మనుషులు 4. ఇప్పటికి తెలిసిన పక్షిజాతులు 11 వేల చిల్లర. మనుషులం ఒక్కటే జాతి. మొత్తం దగ్గరకొచ్చింది గానీ లోపలి పద్దులు కలవడం లేదు. శ్లోకం ఉద్దేశం వేరు, దాన్ని తప్పుపట్టను. మొత్తం చూసి మురిసిపోకుండా పద్దులు అడగమంటున్నాను, అంతే. సైన్సు పేపర్లనైనా అలాగే అడుగు.

కీటకశాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ లెక్క ముందేసుకుని కూర్చో, నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ఆయన పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల కొమ్మల్లోకి పురుగుమందు పొగ కొట్టి, రాలినవన్నీ ఏరితే దాదాపు 1,200 పెంకుపురుగు జాతులు తేలాయి. వాటిలో ఆ ఒక్క జాతి చెట్టునే నమ్ముకున్నవి 163 అనుకున్నాడు. ఉష్ణమండలంలో చెట్ల జాతులు 50 వేలు కనుక, గుణిస్తే 80 లక్షలు దాటాయి. కీటకాలూ సాలీళ్లూ వగైరా మొత్తంలో పెంకుపురుగులు నూటికి నలభై అనుకుంటే కొమ్మల్లోనే 2 కోట్లు. నేలమీదవి అందులో సగం కలిపితే 3 కోట్లు! 1982లో ఈ అంకె అందరినీ అదరగొట్టింది. గుణకారంలో తప్పు లేదు. చిక్కంతా ఆ 163 దగ్గర ఉంది, అది కొలిచింది కాదు, ఊహించింది. తర్వాత న్యూగినీ అడవుల్లో నొవోట్నీ బృందం ఏ పురుగు ఏ చెట్టు తింటుందో నిజంగా చూసింది. చాలా పురుగులు చుట్టరికమున్న చెట్లన్నిటినీ తింటున్నాయి. దాంతో 2002లో లెక్క 3 కోట్ల నుంచి 40-60 లక్షల మధ్యకు దిగింది. నీ రిపోర్టులో కూడా ఏది మారితే జవాబు ఎక్కువగా కదులుతుందో ఆ ఊహ కింద ఎర్రగీత గీయి.

బ్యాక్టీరియా జోలికి ఇప్పుడే వెళ్లకు. 2016లో ఒక బృందం సూక్ష్మజీవుల జాతులు లక్ష కోట్లుండొచ్చంది. 2019లో ఇంకో బృందం బ్యాక్టీరియా, ఆర్కియా (బ్యాక్టీరియాలాగే కనిపించే మరో రకం ఏకకణజీవులు) కలిపి 8 నుంచి 16 లక్షలే అంది. అక్కడ జాతి అంటే ఏమిటన్నదే ఇంకా తెగలేదు.

జాతుల సంఖ్య, ప్రాణుల సంఖ్య కలగలపకు. చీమల జాతులు వేలల్లోనే, చీమలు మాత్రం 2 పక్కన 16 సున్నాలని 2022 నాటి అంచనా. బరువు అడిగితే కథ మళ్లీ మారుతుంది: జీవపదార్థంలోని కార్బన్ 55 వేల కోట్ల టన్నులైతే అందులో 45 వేల కోట్లు మొక్కలవే, జంతువులన్నీ కలిపి 200 కోట్లు.

ఇక మీ ఊరి చెరువుగట్టు మీద తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి పురుగులు లెక్కిస్తానన్నావు, బాగుంది. జాతుల చిట్టా ఒక్కటే చాలదు. ఒక్కసారే దొరికిన జాతులెన్ని, రెండుసార్లు దొరికినవెన్ని, విడిగా రాసిపెట్టు. గణాంకశాస్త్రవేత్త ఆన్ చావో సూత్రం ప్రకారం మొదటిదాని వర్గాన్ని రెండోదాని రెట్టింపుతో భాగించి, చూసిన జాతులకు కలపాలి. 40 జాతులు దొరికి, ఒక్కసారివి 12, రెండుసార్లవి 4 అనుకో. 144ని 8తో భాగిస్తే 18. అంటే అక్కడ కనీసం 58 ఉన్నట్టు. "కనీసం" అన్నమాట కొట్టేయకు.

ఈ సూత్రంలో ఒక ప్రమాదముంది. ఆడా మగా వేరుగా కనిపించే పురుగును రెండు జాతులుగా రాశావంటే ఒక్కసారివాటి సంఖ్య పెరుగుతుంది, దాని వర్గం ఇంకా పెరుగుతుంది. అనుమానమున్నవాటిని పారేయకుండా స్పిరిట్ సీసాలో వేసి ఉంచు. లోపల పెట్టే చీటీ మీద తేదీ, చోటు పెన్సిల్‌తో రాయి, బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. సెలవులకు వచ్చేటప్పుడు సీసాలన్నీ పట్టుకురా, నా పాత మైక్రోస్కోపు ఇంకా పనిచేస్తోంది.

పెదనాన్న