హెల్మెట్ లేనంత మాత్రాన పరిహారం పోతుందా?

ప్రశ్న: మా తమ్ముడు (32) హైదరాబాద్‌లో టైల్స్ మేస్త్రీ. నెలకు రూ.18,000 సంపాదన. నాలుగు నెలల కిందట రాంగ్ రూట్‌లో వచ్చిన కారు అతని బైకును ఢీకొట్టడంతో మోకాలి ఎముక విరిగి రాడ్డు వేశారు. హెల్మెట్ లేదు కాబట్టి ఇన్సూరెన్స్ రాదని, లక్ష తీసుకొని రాజీపడమని కారు యజమాని అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: హెల్మెట్ పెట్టుకోకపోవడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 కింద తప్పే, దానికి జరిమానా పడవచ్చు, అయితే ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందనో, గాయం పెరిగిందనో రుజువైతే తప్ప పరిహారంలో కోత పెట్టడం సరికాదు. ఒకే బైకుపై ముగ్గురు వెళ్లిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే సూత్రం చెప్పింది. తలకు దెబ్బ తగిలి ఉంటే వాదనకు చోటుండేది. విరిగింది మోకాలు కనుక ఆ మాటకు బలం లేదు.

కారుకు థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే బీమా) అమల్లో ఉంటే పరిహారం చెల్లించాల్సింది బీమా కంపెనీయే. సెక్షన్ 166 కింద మీ తమ్ముడు నివసించే చోట గానీ, ప్రమాదం జరిగిన చోట గానీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఆరు నెలల గడువు ఉంది కాబట్టి, మిగిలిన రెండు నెలలను రాజీ బేరాల్లో పోగొట్టుకోకండి.

అసలు పట్టుదల చూపాల్సింది వైకల్యం లెక్క దగ్గర. మెడికల్ బోర్డు 30 శాతం అని రాసిందనుకుందాం. భవిష్యత్తులో సంపాదన పెరుగుదల కింద రూ.18,000కు 40 శాతం కలిపితే నెలకు రూ.25,200, ఏడాదికి రూ.3,02,400; ఆ వయసుకు ఎన్నేళ్ల సంపాదన లెక్కించాలో చెప్పే గుణకం 16తో హెచ్చిస్తే, అందులో 30 శాతం రూ.14,51,520 అవుతుంది. కానీ గొంతుక్కూర్చోలేని మనిషి టైల్స్ వేయలేడు. వృత్తిపరమైన నష్టం 60 శాతమని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఇదే మొత్తం రెట్టింపవుతుంది. శరీర వైకల్యాన్ని కాక సంపాదనపై దాని ప్రభావాన్ని చూడాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పినందున, ఆపరేషన్ చేసిన డాక్టరును, పనులు ఇచ్చిన కాంట్రాక్టరును సాక్షులుగా పిలిపించండి. వైద్య ఖర్చులు, నొప్పి, బాధలకు పరిహారం దీనికి అదనం.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లుల అసలు ప్రతులు దగ్గర పెట్టుకోండి. “మొత్తం ముట్టింది” అని రాసిన ఏ కాగితంపైనా, ముఖ్యంగా ఖాళీ స్టాంపు పేపరుపై, వకీలుకు చూపించకుండా సంతకం చేయనివ్వకండి.