గోడ దగ్గర మీటరు పెట్టాకే ఫ్రీక్వెన్సీ ముట్టుకో

శిరీషా,

నీ మెసేజ్ చదివాను. బిట్‌కాయిన్ మైనింగ్ చేసే, అంటే లెక్కలు చేసి బిట్‌కాయిన్ సంపాదించే, పాత ఆంట్‌మైనర్ ఎస్9 యంత్రం ఒకటి తెచ్చుకున్నావు, మూడు గ్రాఫిక్స్ కార్డులతో కట్టిన మైనింగ్ రిగ్ కూడా ఉంది. రెండింటినీ చేత్తో ట్యూన్ చేయాలని నీ కోరిక. ఫ్రీక్వెన్సీ, అంటే చిప్పు పని చేసే వేగం, ఎంత పెట్టమంటావు బాబాయ్ అని అడిగావు. ఒక్క నంబరు పంపిస్తే నీకు సరిపోయేదేమో గానీ, ఆ నంబరు నా యంత్రానిది అవుతుంది, నీ యంత్రానిది కాదు. అందుకే ఇంత రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఎస్9లో 189 చిప్పులు ఉంటాయి. బోర్డుకు 63 చొప్పున మూడు బోర్డులు. ఒకే రోజు, ఒకే చోట తయారైన చిప్పులు కూడా ఒకలా ఉండవు. ఒకటి తక్కువ వోల్టేజీతోనే హుషారుగా పని చేస్తుంది, పక్కది కాస్త ఎక్కువిస్తే గానీ కదలదు. కంపెనీవాళ్ళు ఒక్కో చిప్పునూ కూర్చోబెట్టి చూడలేరు కాబట్టి అన్నిటికీ పనికొచ్చేలా కొంచెం వదులుగా సెట్టింగ్ ఇస్తారు. చేత్తో ట్యూన్ చేయడమంటే ఆ వదులు ఎక్కడెంత ఉందో వెతికి పట్టుకోవడం. ఆ పనికి తొందర అస్సలు పనికిరాదు.

అందుకని మొదట ఒక రోజంతా ఏమీ మార్చకు. వచ్చిన సెట్టింగ్‌తోనే 24 గంటలు నడిపి ఒక నోట్‌బుక్‌లో ఇవి రాసుకో: గోడ ప్లగ్గు దగ్గర పెట్టిన మీటరు చూపించే వాట్లు, చాలామంది మైనర్ల పనిని కలిపి లెక్క కట్టే పూల్ చూపించే 24 గంటల సగటు హాష్‌రేటు, అంటే యంత్రం సెకనుకు వేసే హాష్‌లు అనే లెక్కలు, ఒక్కో బోర్డులో వచ్చిన హార్డ్‌వేర్ ఎర్రర్లు, అంటే చిప్పుల తప్పు జవాబులు, లోపలికి పోయే గాలి వేడి. యంత్రం తన స్క్రీన్ మీద చూపించే వాట్లను నమ్మకు. చాలా యంత్రాల్లో అది అంచనా మాత్రమే. పవర్ సప్లై తనంతట తాను వేడిగా పోగొట్టే కరెంటు అందులో కనపడదు, నీ బిల్లులో మాత్రం కనపడుతుంది. కొనే మీటరు అంత లోడుకి తట్టుకునేదేనా అని చూసి మరీ కొను.

పూల్ లెక్క 24 గంటలది ఎందుకు కావాలో చెప్తాను. చాలామంది కుర్రాళ్ళు ఇక్కడే దెబ్బ తింటున్నారు. మన యంత్రం చేసిన పని పూల్‌కి షేర్లుగా, అంటే పని చేసినట్టు రుజువు చూపే జవాబులుగా, వెళ్తుంది. షేరు దొరకడం పాచిక పడటం లాంటిది. సగటు ఉంటుంది, కానీ ఏ నిమిషం అదృష్టం ఆ నిమిషానిదే. ఆ ఊగిసలాట ఎంతో లెక్క కట్టొచ్చు, అది షేర్ల సంఖ్యకు వర్గమూలం. నిమిషానికి 20 షేర్లు పడుతున్నాయనుకో, పది నిమిషాల్లో 200. దాని వర్గమూలం దాదాపు 14. అంటే 7 శాతం అటూ ఇటూ వట్టి అదృష్టమే. అదే 24 గంటలైతే 28,800 షేర్లు, ఊగిసలాట 0.6 శాతానికి దిగుతుంది. ఫ్రీక్వెన్సీ రెండు శాతం పెంచి, పది నిమిషాలు పూల్ పేజీ చూసి, పెరిగింది అని సంబరపడితే నువ్వు చూసింది పాచికనే.

నేను అలాగే సంబరపడ్డాను. మొదటి ఏడాది ఒక యంత్రం ఫ్రీక్వెన్సీ పెంచాను. స్క్రీన్ మీద హాష్‌రేటు చక్కగా పైకి పోయింది. రోజూ రాత్రి తొమ్మిది దాటాక చూసుకునేవాణ్ణి, అప్పుడు అంతా బ్రహ్మాండంగా ఉండేది. నెల గడిచాక లెక్క చూస్తే వచ్చింది ముందుకంటే తక్కువ. పూల్ గ్రాఫ్‌ను పెద్దది చేసి చూశాను. మధ్యాహ్నం వేళంతా దువ్వెన పళ్ళలా ఉంది. గాలి వేడెక్కగానే మూడో బోర్డు తప్పుకునేది, యంత్రం రీస్టార్ట్ అయ్యేది, మళ్ళీ అందుకోవడానికి పది నిమిషాలు పట్టేది, అందుకున్న కాసేపటికి మళ్ళీ పడిపోయేది. నేను చల్లటి రాత్రి చూసి వేడి మధ్యాహ్నానికి సెట్టింగ్ పెట్టాను. అప్పటి నుంచి ఏ సెట్టింగ్ అయినా రోజులో అన్నిటికంటే వేడి గంటలో నిలబడితేనే నోట్‌బుక్‌లో టిక్ పెడతాను.

ఇప్పుడు అసలు పని. చిప్పు తినే కరెంటు ఫ్రీక్వెన్సీ పెరిగినంతే పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. వోల్టేజీని 10 శాతం తగ్గించావంటే 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. ఒక్క హాష్ కూడా పోకుండా చిప్పు దగ్గర 19 శాతం కరెంటు మిగులుతుంది. అందుకే ముందు ముట్టుకోవాల్సింది వోల్టేజీ. ఫ్రీక్వెన్సీ కదపకుండా వోల్టేజీని ఒక్కో మెట్టు దించు. ఒక్కో మెట్టు దగ్గర కనీసం గంట ఆగి హార్డ్‌వేర్ ఎర్రర్లు చూడు. హార్డ్‌వేర్ ఎర్రర్ అంటే చిప్పు ఇచ్చిన జవాబు సరిచూస్తే తప్పని తేలడం. కరెంటు తిన్నది, పని చేయలేదు. ఆ లెక్క ఎగబాకడం మొదలైన చోట ఆగి, రెండు మెట్లు వెనక్కి వెళ్ళు. ఒక మెట్టు చాలదా అంటావేమో. చలి రోజుల్లో తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందనుకో, వేడి మీద బాగా నడిచిన తక్కువ వోల్టేజీ సెట్టింగ్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. నాకు రెండుసార్లు జరిగింది. ఆ రెండో మెట్టు దాని కోసం.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. బోర్డు మీద చిప్పులు గుంపులు గుంపులుగా ఒక వరుసలో కట్టి ఉంటాయి, వోల్టేజీ మొత్తం బోర్డుకు ఒక్కటే. ఫ్రీక్వెన్సీని మాత్రం చిప్పు చిప్పుకూ విడిగా ఇవ్వొచ్చు. 63లో నాలుగు చిప్పులు బలహీనంగా ఉంటే ఆ నాలుగింటి కోసం మిగతా 59కి ఎక్కువ వోల్టేజీ పెడుతూ కూర్చోవాలి. ఆ నాలుగింటి ఫ్రీక్వెన్సీ తగ్గించెయ్, అప్పుడు బోర్డు మొత్తాన్నీ ఇంకో మెట్టు దించొచ్చు. ఆటోట్యూన్ ఫర్మ్‌వేర్‌లు, అంటే యంత్రాన్ని నడుపుతూ తమంతట తామే ట్యూన్ చేసే సాఫ్ట్‌వేర్‌లు, చేసేది దాదాపు ఇదే. అయినా ఒక్క బోర్డునన్నా చేత్తో చేసి చూడు. తర్వాత ఆటోట్యూన్ ఏం చేస్తోందో, ఎక్కడ తప్పుతోందో నీకు ఇట్టే తెలిసిపోతుంది.

వోల్టేజీ కుదిరాక, ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టాలన్నది లెక్క. అందరూ సగటు చూస్తారు, నువ్వు చివరి టెరాహాష్ చూడు. టెరాహాష్ అంటే లక్ష కోట్ల హాష్‌లు, యంత్రం వేగాన్ని సెకనుకు ఎన్ని టెరాహాష్‌లో చెప్తారు. నా పాత నోట్‌బుక్‌లోవే చెప్తాను. ఎస్9 మామూలు సెట్టింగ్‌లో గోడ దగ్గర 1,350 వాట్లు, 13.4 టెరాహాష్. వాట్లను దానితో భాగిస్తే టెరాహాష్‌కు దాదాపు 101 జూల్స్. దాన్నే బాగా దించి ట్యూన్ చేస్తే 780 వాట్లు, 9.6 టెరాహాష్. టెరాహాష్‌కు 81. ఈ రెండూ చూసి 101 ఎక్కడ, 81 ఎక్కడ, పెద్ద తేడా లేదులే అనిపిస్తుంది. కానీ పైన ఉన్న ఆ 3.8 టెరాహాష్‌కు మనం పెట్టింది 570 వాట్లు. భాగించి చూడు, 150 జూల్స్! చివరి టెరాహాష్‌లు మొదటివాటికి దాదాపు రెట్టింపు కరెంటు తింటున్నాయి. నీ కరెంటు రేటుకి ఆ 150 గిట్టుబాటు అవుతుందా అన్నదే అసలు ప్రశ్న. అయితే పైన ఉంచు, కాకపోతే దిగు. సగటు లాభం చూపిస్తున్నా ఆ పై ముక్క నష్టంలో ఉండొచ్చు, దాన్ని కింద ముక్క పోషిస్తూ ఉంటుంది.

ఈ లెక్క ఒకసారి చేసి మరిచిపోయేది కాదు. బిట్‌కాయిన్ డిఫికల్టీ, అంటే ఒక బ్లాకు దొరకడం ఎంత కష్టమన్నది, ప్రతి 2,016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకోసారి మారుతుంది. 2024 ఏప్రిల్‌లో ఒక్కో బ్లాకుకు మైనర్లకు వచ్చే బహుమతి 6.25 బిట్‌కాయిన్ల నుంచి 3.125కి పడింది. నిన్నటి దాకా గిట్టుబాటైన సెట్టింగ్ ఆ పూట నుంచే గిట్టకుండా పోయిన యంత్రాలు నా దగ్గరే ఉన్నాయి. అందుకే ఒక్కో యంత్రానికి మూడు సెట్టింగ్‌లు తయారుగా పెట్టుకుంటాను. పొదుపుది, మధ్యది, పూర్తిగా తెరిచింది. ఏది పెట్టాలన్నది ఆ రెండు వారాల లెక్క చెప్తుంది. ఎస్9 లాంటి 2016 నాటి యంత్రం కొత్తవాటితో పోటీ పడలేదు, ఆ సంగతి నీకూ తెలుసు. ఎస్19 ప్రో అయితే టెరాహాష్‌కు 30 జూల్స్ లోపే. నేర్చుకోవడానికి మాత్రం ఎస్9ను మించింది లేదు. పాడైనా గుండె ఆగదు.

పెంచాలని మనసు లాగినప్పుడు కనెక్టర్ల వైపు చూడు. ఎస్9లో బోర్డుకు మూడు సిక్స్ పిన్ కనెక్టర్లు ఉంటాయి. రెండే పెట్టినా బోర్డు లేస్తుంది, ప్రమాదం అదే. ఒకసారి నా యంత్రం దగ్గర ప్లాస్టిక్ వేడెక్కిన వాసన వచ్చింది. మంట లేదు, పొగ లేదు, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. కరెంటు ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాన్లు ఆగాక మధ్య కనెక్టర్ లాగితే రాలేదు. అటూ ఇటూ కదిపి లాగితే ఊడింది. ఒక పిన్ను చుట్టూ నల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి ఉంది. ఆ పిన్ను పట్టు వదులైంది, అక్కడ వేడి పుట్టింది, వేడికి ఇంకా వదులైంది. తీగలో పారే కరెంటు 20 శాతం పెరిగితే అలాంటి అతుకు దగ్గర వేడి 44 శాతం పెరుగుతుంది, అదీ వర్గం లెక్కే. పెంచిన ప్రతిసారీ గంట తర్వాత యంత్రం ఆపి, ప్లగ్గు తీసి, కనెక్టర్ల ప్లాస్టిక్‌ను వేలితో ముట్టి చూడు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ సెట్టింగ్ నీది కాదు. పవర్ సప్లై మీద రాసినదాంట్లో 80 శాతం దాటించి రోజుల తరబడి నడపకు. గోడ వైరింగ్ సంగతి మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలిచే తేల్చుకో, అది మన విద్య కాదు.

ఫ్యాన్ల సంగతి చిన్నదే. ఫ్యాన్ తినే కరెంటు దాని వేగానికి ఘనంతో పెరుగుతుంది. వేగం 80 శాతానికి దించితే తినేది సగానికి వస్తుంది. వోల్టేజీ దించాక వేడి తగ్గుతుంది కాబట్టి ఫ్యాన్లను కూడా దించొచ్చు. బయటికొచ్చిన వేడి గాలి చుట్టు తిరిగి మళ్ళీ లోపలికే పోతోందేమో మాత్రం థర్మామీటరు పెట్టి చూసుకో.

ఇక కార్డులు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆపేసినప్పటి నుంచి పాత సెట్టింగ్‌ల పట్టికలు చాలావరకు పనికిరావు. ఎథీరియం వాడిన ఎథాష్ అల్గారిథమ్‌కి మెమరీ ముఖ్యం, అందుకే అప్పట్లో కార్డు కోర్ వేగం దించి మెమరీ వేగం పెంచేవాళ్ళం. కాపౌ లాంటి వేరే మైనింగ్ అల్గారిథమ్‌లకు కోర్ కూడా గట్టిగా కావాలి. వాటికి ఆ పాత పట్టికే పెడితే కార్డు నీరసంగా నడుస్తుంది. నువ్వు మైన్ చేసే అల్గారిథమ్ దేన్ని వాడుతుందో ముందు తెలుసుకుని, పనికిరానిదాన్ని దించు. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డయితే ఇంకో జాగ్రత్త. ఆ మెమరీ తప్పు జరిగితే గుట్టుగా మళ్ళీ పంపుకుంటుంది. క్రాష్ అవ్వదు, ఎర్రర్ చూపించదు. నువ్వు మెమరీ వేగం పెంచుతూనే ఉంటావు, హాష్‌రేటు తగ్గుతూ ఉంటుంది. తగ్గడం మొదలైందంటే గీత దాటినట్టే. కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్లకు, హార్డ్‌డిస్కులకు వాడే సాటా పవర్ కేబుల్ మాత్రం వద్దే వద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లు, కార్డు స్లాట్ నుంచి 66 దాకా లాగొచ్చు. అది కాలిపోయే ఏర్పాటు. ఇప్పుడు నీ రిగ్‌కి ఉంటే ఈ రోజే మార్చెయ్.

ఫర్మ్‌వేర్ మార్చాలనుకుంటే తయారు చేసినవాళ్ళ దగ్గరి నుంచే దించుకో. ఎవరో పంపిన ఫైలు వద్దు, కొన్ని ఫైళ్ళు నీ పని మెల్లగా వాళ్ళ వాలెట్‌కి మళ్ళిస్తాయి. వేశాక పూల్ అడ్రసు, వర్కర్ పేరు, అంటే పూల్‌లో నీ యంత్రానికి ఉన్న పేరు, మళ్ళీ చూసుకో. పాత ఫర్మ్‌వేర్‌ను ఎస్‌డీ కార్డులో ఉంచుకో. యంత్రంలోకి వెళ్ళే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ రూట్ (root) అనే ఉండి ఉంటాయి, పాస్‌వర్డ్ ముందు మార్చు. వారంటీ ఉన్న యంత్రమైతే అది పోతుందని తెలిసే చెయ్.

ఎప్పుడైనా ఒక్కసారి ఒక్కటే మార్చు తల్లీ. వోల్టేజీ, ఫ్యాను, ఫ్రీక్వెన్సీ కలిపి మారిస్తే మంచి దేనివల్ల వచ్చిందో, చెడు దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

ఇవాళ మీటరు తెచ్చి పెట్టు. రేపు ఇదే వేళకు వాట్లు, పూల్ సగటు, మూడు బోర్డుల ఎర్రర్లు, లోపలికి పోయే గాలి వేడి ఈ నాలుగూ రాసి పంపు. కనెక్టర్ల ఫోటో కూడా దగ్గరగా తీసి పెట్టు. అవి చూశాక మొదట ఏ బోర్డు ముట్టుకోవాలో ఇద్దరం ఫోన్లో కూర్చుని చూద్దాం. అప్పటి దాకా సెట్టింగ్‌ల జోలికి వెళ్ళకు.

మీ బాబాయి