టెక్ సందేహాలు: పాత ఇంజిన్‌కు ఒకే బెల్టు వేయించొచ్చా?

సందేహం: మా నాన్నగారి పాత కారు నేను నడుపుతున్నాను. ఇంజిన్ ముందు మూడు వి-బెల్టులు (పుల్లీ మీది వి ఆకారపు గాడిలో కూర్చునేవి) ఉన్నాయి. ఏసీ వేయగానే ఒకటి కీచుమంటుంది. అది బిగిస్తే కొన్నాళ్లకు ఇంకోటి వదులవుతుంది. కొత్త కార్లలోలా అన్నిటికీ కలిపి ఒకే పొడవాటి బెల్టు పెట్టించుకోవచ్చా?

జవాబు: పెట్టించుకోవచ్చు. ఆ ఒక్క బెల్టునే సర్పెంటైన్ బెల్టు అంటారు. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో మొదలై, తర్వాత దాదాపు అన్ని కంపెనీలూ దానికే మారాయి. అయితే బెల్టు కొనేముందు మీ వాటర్ పంపు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్‌ను తిప్పేది) ఎటు తిరుగుతుందో చూసుకోండి. ఇక్కడ పొరపాటు జరిగితే ఇంజిన్‌కే ముప్పు.

వి-బెల్టు తన లోపలి వైపుతోనే పుల్లీలను పట్టుకుంటుంది కాబట్టి అన్నీ క్రాంక్ (బెల్టును తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) తిరిగే వైపే తిరుగుతాయి. సర్పెంటైన్ బెల్టుకు రెండు వైపులా పని ఉంటుంది. గాడులున్న వైపు కొన్నిటిని తిప్పితే, నున్నటి వీపు మరికొన్నిటిని తిప్పుతుంది. వీపు తగిలిన పుల్లీ ఎదురు దిశలో తిరుగుతుంది. చాలా ఇంజిన్లలో అలా తిరిగేది వాటర్ పంపే. పాత పంపునే ఉంచేస్తే లోపలి ఇంపెల్లర్ రెక్కల వంపు ఆ దిశకు సరిపోదు, కూలెంట్ సరిగా పారదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఫ్యాన్ పంపుకే బిగించి ఉంటే అదీ ఎదురు తిరిగి గాలిని రేడియేటర్ వైపుకు నెడుతుంది. కాబట్టి ఎదురు దిశలో తిరిగే పంపు, దానికి తగ్గ ఫ్యాన్ వేయాలి. లేదా పంపు గాడుల వైపే ఉండేలా బెల్టు దారి మార్చాలి. రెండు రకాల పంపులూ బయటికి ఒకేలా కనిపించవచ్చు, అందుకే పార్ట్ నంబర్ చూసే కొనండి.

తర్వాత పుల్లీలు. అన్నీ ఒకే వరుసలో ఉండాలి. ఒక్కటి రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగినా బెల్టు అరుస్తుంది, అంచులు తింటుంది, చివరికి జారిపోతుంది. ఒక ఇంజిన్ బ్రాకెట్, ఇంకో ఇంజిన్ పుల్లీ కలిపి అమర్చవద్దనేది అందుకే. మీ ఇంజిన్ రకంలోనే తర్వాత వచ్చిన మోడల్‌కు సర్పెంటైన్ ఉంటే, దాని ముందు భాగం మొత్తం సెట్‌గా తెచ్చుకోవడమే నాకు నచ్చిన దారి. కొలతలు కూడా పాత నిష్పత్తికి దగ్గరగా ఉండాలి. క్రాంక్ పుల్లీ 150 మి.మీ., ఆల్టర్నేటర్‌ది (బ్యాటరీని చార్జ్ చేసేది) 50 మి.మీ. అయితే ఇంజిన్ 800 ఆర్‌పీఎమ్ దగ్గర ఆల్టర్నేటర్ 2,400 తిరుగుతుంది. క్రాంక్ పుల్లీ చిన్నదైతే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) చార్జింగ్ పడిపోతుంది.

స్ప్రింగ్ టెన్షనర్‌ను (బెల్టును నొక్కి బిగువుగా ఉంచే పుల్లీ) బెల్టు వదులుగా ఉండే వైపు, అంటే క్రాంక్ పుల్లీ నుంచి బయటికి వచ్చే భాగం మీద పెట్టాలి. బిగువు వైపు పెడితే లోడు పడినప్పుడల్లా స్ప్రింగ్ లొంగిపోయి బెల్టు జారుతుంది.

ఇంత చెప్పాక ఒక మాట. మీ బాధ కీచుమనడం ఒక్కటే అయితే ఈ మార్పు అవసరం లేదు. వి-బెల్టు పుల్లీ గాడి అడుగుకు తగలకూడదు, పక్కలతోనే పట్టుకోవాలి. గాడి అరిగిపోయిందా, బేరింగ్ పట్టేస్తోందా అని ముందు చూపించండి. పెద్ద ఆల్టర్నేటర్ వేయాలనుకుంటే మాత్రం ఒకే బెల్టుకు మారడం మంచిదే.

సందేహం: బెల్టు మీద 6పీకే2100 అని ఉంది. అర్థం ఏమిటి?

జవాబు: ఆరు గాడుల బెల్టు, పొడవు 2,100 మి.మీ. దారి మార్చినప్పుడు టెన్షనర్‌ను దాని కదలిక మధ్యలో ఉంచి, పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలవండి. దానికి దగ్గరి పొడవు తీసుకోండి.

సందేహం: నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగి, అదే క్షణంలో స్టీరింగ్ బరువెక్కింది. ఇంటిదాకా నడపొచ్చా?

జవాబు: వద్దు. ఒకే బెల్టు ఉన్న కారులో ఈ రెండూ కలిసి వచ్చాయంటే బెల్టు తెగి ఉండవచ్చు. దానితో వాటర్ పంపు కూడా ఆగిపోతుంది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి. కొత్త బెల్టు ఒకటి, టెన్షనర్ తిప్పే రెంచి ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి.