డూలాలీ అంటే తిట్టా?

బ్రిటన్‌కి కొత్తగా వచ్చిన ఒక నర్సమ్మాయి మొన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, ప్రింటర్ దగ్గర నేను నిలబడి ఉంటే మా సీనియర్ 'గాన్ డూలాలీ' అంది. నన్నే తిట్టిందా?" గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ప్రింటర్ ఏం చేస్తోందమ్మా అని అడిగాను. నొక్కింది ఒక పేజీ, వరసగా ఇరవై ఖాళీ కాగితాలు వచ్చి పడుతున్నాయట. అయితే ఆ మాట నీకు కాదు, ప్రింటర్‌కి. మతి పోయింది, పిచ్చెక్కింది అని అర్థం. బ్రిటన్‌లో మనుషుల్నీ అంటారు, మొరాయించే బాయిలర్‌నీ అంటారు. "ఈ ఎండకి నాకు డూలాలీ ఎక్కేలా ఉంది" అని తమ గురించి తామే చెప్పుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ మాట పుట్టింది మన దేశంలోనే. మహారాష్ట్రలో నాసిక్ పక్కన దేవ్‌లాలీ అని ఒక ఊరుంది. మన ఆర్మీ ఫిరంగి దళం వాళ్ల శిక్షణ స్కూలు ఇప్పుడు అక్కడే ఉంది. మా చిన్నాన్న కొన్నాళ్లు అక్కడ పనిచేశారు. ఆయన ఆకుపచ్చ ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో రాసిన ఆ ఊరి పేరు నాకింకా కళ్లకు కట్టినట్టుంటుంది. ఈ స్లాంగ్ మాటకి మూలం ఆ పేరేనని నేను బ్రిటన్‌కి వచ్చిన చాలా ఏళ్లకు తెలిసి, ఒళ్లు జలదరించింది.

బ్రిటిష్ వాళ్ల కాలంలో అక్కడ ఒక పెద్ద క్యాంపు ఉండేది. సర్వీసు పూర్తయిన తెల్ల సిపాయిలు బొంబాయిలో ఓడ ఎక్కే ముందు అక్కడ ఆగేవారు. సైనికుల ఓడలు చలికాలంలోనే నడిచేవి. ఆ రోజులు దాటాక వచ్చినవాడు మళ్లీ చలికాలం దాకా ఎదురుచూడాల్సిందే. చేయడానికి పెద్దగా పని లేదు, పైన ఎండ, దోమలు, జ్వరాలు, తాగుడు, ఇంటి మీద బెంగ. కొందరికి నిజంగానే మతి చలించేది. దాన్ని 'డూలాలీ ట్యాప్' అనేవారు. ట్యాప్ అంటే నీళ్ల కుళాయి కాదు, ఉర్దూలో జ్వరం. మన 'తాపం' దానికి దగ్గరి చుట్టమే. పోనుపోను ట్యాప్ రాలిపోయి డూలాలీ ఒక్కటే మిగిలింది.

సిపాయిలు మూటగట్టుకుని వెళ్లిన మాటలు ఇంకా ఉన్నాయి. శ్రమ లేని ఉద్యోగాన్ని ఇక్కడ 'కుషీ జాబ్' అంటారు, అది మన ఖుషీయే. ఇంగ్లండుని ముద్దుగా పిలిచే 'బ్లైటీ' మన విలాయతీ నుంచి వచ్చింది.

చెల్లెమ్మా, ఒక్క జాగ్రత్త. అర్థం తెలిసింది కదా అని వార్డులో పేషెంట్ గురించి మాత్రం ఈ మాట అనొద్దు. మతిమరుపుతో, అయోమయంతో ఉన్న పెద్దాయన్ని అలా అంటే, విన్న ఆయన కూతురి మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించు. పైగా కంప్లైంట్ దాకా వెళ్లొచ్చు. డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో 'కన్ఫ్యూజ్డ్' అని చెప్పి, ఏం గమనించావో వివరంగా రాయి. ప్రింటర్‌ని నీ ఇష్టం వచ్చినట్టు అనుకో.