ఎగరేసే ముందు రేంజ్ చూసుకో

చిరంజీవికి, బాబాయి ఆశీస్సులు.

రిమోట్‌తో నడిపే ఫోమ్ విమానం పూర్తయిందని, ఆదివారం ఎగరేస్తానని రాశావు. చాలా సంతోషం. సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టె మీద రేంజ్, అంటే సిగ్నల్ అందే దూరం, కిలోమీటరు అని ఉంది కదా, ఇంకా పరీక్ష ఎందుకన్నావు. ఆ అంకె అడ్డేమీ లేని చోట రిసీవర్ ఒక్కదాన్నే పెట్టి చూసినప్పటిది నాన్నా. నీదేమో విమానం పొట్టలో బ్యాటరీకి, మోటార్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీకి, మోటార్ తీగలకు మధ్య ఇరుక్కుని ఉంది. అక్కడ దానికి సిగ్నల్ ఎంత అందుతోందో తేలాలి.

ముందు యాంటెన్నా సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో చాలావాటికి తీగ చివరన పైతొడుగు తీసేసిన 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని మడవకు, చుట్టకు, కత్తిరించకు. బ్యాటరీకీ కార్బన్ కడ్డీకీ ఎడంగా, ఫోమ్ మీద టేపుతో తిన్నగా అంటించు. రెండు ఉంటే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టు.

పరీక్ష మేడ మీద వద్దు. చుట్టుపక్కల ఇళ్ల వైఫై చాలావరకు ఇదే 2.4 మీద నడుస్తుంది, నీకొచ్చే ఫలితం నమ్మలేం. మైదానానికే వెళ్లు. విమానాన్ని నేల మీద కాకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టు. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మెనూలో రేంజ్ టెస్ట్ పెడితే దాని సిగ్నల్ పవర్ బాగా తగ్గిపోతుంది, కిలోమీటరు నడవక్కర్లేదు. పాత రేడియోలకైతే పొడుగు యాంటెన్నాను లోపలికి తోసేసి నడిచేవాళ్లం. ఇప్పుడు ఎంత దూరం నడవాలో మాన్యువల్లో ఉంటుంది, మామూలుగా 30 మీటర్ల దాకా. స్టిక్కులు కదుపుతూ నడువు. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొనను విమానం వైపు గురిపెట్టకు, కొన దిక్కున సిగ్నల్ బాగా తక్కువ. తోక మీది రడ్డర్ పలక అదిరినా, ఆగి ఆగి కదిలినా నీ స్నేహితుడు చెయ్యెత్తాలి. ముక్కు, తోక, రెండు పక్కలు నీ వైపు తిప్పించి మళ్లీ చూడు.

చాలామంది ఇక్కడితో సరిపెట్టేస్తారు. అసలు పరీక్ష మోటార్ తిరుగుతున్నప్పుడు. స్నేహితుణ్ణి వెనక నుంచి తోక గట్టిగా పట్టుకోమను, ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. సగం థ్రాటిల్ (మోటార్ వేగం), తర్వాత ఫుల్ ఇచ్చి, పలకలను కదిపే సర్వోలన్నీ ఒకేసారి ఆడించు. మోటార్ ఆపినప్పుడు 30 మీటర్లు వచ్చి, తిరిగేటప్పుడు 15కే తడబడిందంటే రేడియోను అనుమానించకు. ఈఎస్‌సీ గోల యాంటెన్నాకి తగులుతోంది, లేదా సర్వోల లాగుడికి రిసీవర్‌కి వెళ్లే వోల్టేజీ పడిపోతోంది. రిసీవర్‌ని జరిపి మళ్లీ నడువు. రెండు దూరాలూ, తేదీ రెక్క కింద పెన్నుతో రాసి ఉంచు. నెల తర్వాత అంకె తగ్గితే లోపల ఏదో మారినట్టు.

ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటార్ ఆగే ఏర్పాటు, మాత్రం ప్రొపెల్లర్ విప్పాకే చూడు. మోటార్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయి. మోటార్ ఆగాలి. కొన్ని రిసీవర్లు ఆఖరి థ్రాటిల్‌నే పట్టుకుని కూర్చుంటాయి. అలాంటిదైతే సరిచేసేదాకా ఎగరేయకు.

ఆదివారం చేతిలోంచి వదిలే ముందు రేంజ్ టెస్ట్ మోడ్ ఆపావో లేదో తెర మీద చూసుకో. ఈలోగా రిసీవర్ ఎక్కడ బిగించావో ఫొటో పంపు, చూసి చెబుతాను.

నీ బాబాయి