తివాచీ మూలన ఆ అక్షరాలు ఎవరివి?

ప్రశ్న: స్వీడన్‌లో మాల్మోలో ఉంటున్నాం. పాత సామాన్ల సంతలో ఉన్ని తివాచీ ఒకటి కొన్నాను. ఒక మూలన ‘ఏబీ ఎమ్ఎమ్ఎఫ్’ అనీ, ఇంకో మూలన ‘బీఎన్’ అనీ అక్షరాలు నేసి ఉన్నాయి. 1920ల నాటిదని అమ్మినాయన చెప్పాడు. నిజమేనా?

జవాబు: 1920ల మాట మాత్రం నమ్మకండి. ఎమ్ఎమ్ఎఫ్ అంటే మార్తా మోస్ ఫియెటర్‌స్ట్రోమ్, 1919లో మీ దక్షిణ స్వీడన్‌లోనే బోస్టాడ్ అనే ఊళ్లో మగ్గాలు పెట్టినావిడ. ఆవిడ ఉన్నన్నాళ్లూ తివాచీ మీద ఎమ్ఎమ్ఎఫ్ అనే నేసేవాళ్లు. 1941లో పోయాక ఆ నేతశాల కంపెనీ అయింది, ముందు ‘ఏబీ’ చేరింది. ‘బీఎన్’ అంటే బార్‌బ్రో నిల్సన్, 1942 నుంచి అక్కడ డిజైన్ల బాధ్యత చూసినావిడ. కాబట్టి మీది ఆ తర్వాతదే. పైగా ఆ నేతశాల ఇప్పటికీ నడుస్తోంది, పాత డిజైన్లు మళ్లీ నేస్తారు, అందుకని అక్షరాలు చూసి డిజైన్ ఎవరిదో చెప్పొచ్చుగానీ తివాచీ ఏ ఏడాదిదో కచ్చితంగా చెప్పలేం.

నిరాశపడకండి, నిల్సన్ తివాచీ దొరకడం చిన్న విషయం కాదు, రంగుల్లో ఆవిడ మార్తాకి ఏమాత్రం తీసిపోదని నా గట్టి నమ్మకం. దూరం నుంచి ఒకటే నీలం అనిపించే చోట దగ్గరగా కూర్చుని చూడండి, ముదురు, లేత, బూడిద పోగులు కలిపి పేకగా వేసి ఉంటాయి. తర్వాత తిరగేయండి. రోలాకన్ అనే స్వీడన్ చదును నేత అయితే మన వరంగల్ జంపఖానాలాగే పైకి లేచిన ఊలు ఉండదు, రెండు రంగులు కలిసేచోట ఒక పోగు ఇంకోదానికి కొక్కెంలా పట్టుకుని ఉంటుంది. ఊలు లేచి ఉండే రకమైతే వెనక వరుసగా ముడులు కనపడాలి. వెనక జిగురుతో గుడ్డ అంటించి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. వాషింగ్ మెషీన్‌లో అస్సలు వేయకండి, అక్షరాలున్న అంచుని కత్తిరించి కుట్టించకండి.

ప్రశ్న: ఇలాంటి ఆధునిక తివాచీలు మన దేశంలో ఎప్పుడైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయండీ, ఇండోర్‌లో. 1930ల మొదట్లో యశ్వంత్‌రావ్ హోల్కర్ మహారాజు జర్మన్ ఆర్కిటెక్ట్ ఎకార్ట్ ముతేసియస్‌తో మాణిక్ బాగ్ ప్యాలెస్ కట్టించుకుని, తివాచీలు పారిస్‌లోని డిజైనర్ ఇవాన్ ద సిల్వా బ్రూన్స్ దగ్గర చేయించాడు. మొరాకోలోని బెర్బర్ తెగల తివాచీలు చూసి నేర్చుకున్న మనిషి ఈ బ్రూన్స్, పువ్వులూ లతలూ పక్కనబెట్టి గీతలు, వలయాలతో నేయించేవాడు. 1980లో ఆ ప్యాలెస్ సామాను మొనాకోలో వేలం వేశారు, అదే నాకు బాధ. మనవాళ్లు చూద్దామన్నా ఇప్పుడు ఆ భవనంలో కనపడేది కేంద్ర జీఎస్టీ, ఎక్సైజ్ ఆఫీసే.